గురికి ముందు గుడ్డపేలిక

కాగితం మీద పడ్డ చిల్లుల్ని కొలిచి రైఫిల్‌కి మార్కులు వేస్తాం. వానలో, చీకట్లో దాన్ని విప్పి తుడవాల్సిన చేతుల సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. ఈ వరుసను తిరగేయాలి.

ఎదురుకాల్పులు జరిగిన మర్నాడు పత్రికల్లో స్వాధీనమైన ఆయుధాల జాబితా అచ్చవుతుంది. ఒక ఏకే-47, రెండు ఇన్సాస్‌లు, మూడు ఎస్‌ఎల్‌ఆర్‌లు, ఒక .303. దశాబ్దాలుగా ఇలాంటి వరుసలు చదివీ చదివీ, జన్మలో తుపాకీ ముట్టని తెలుగు పాఠకుడికి కూడా ఆ పేర్లు కంఠతా వచ్చేశాయి. వీటిలో .303 ఒక్కటే చేత్తో బోల్టు లాగి నెట్టాల్సిన పాతకాలపు సరుకు. తక్కినవన్నీ పేలిన తూటా బలంతోనే ఖాళీ షెల్‌ని బయటికి విసిరి, కొత్త తూటాను లోపలికి ఎక్కించుకునేవి. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్కటే పేలి ఆగే ఏర్పాటును సెమీ ఆటోమేటిక్ అంటున్నాం. మన సైన్యమూ పోలీసు బలగాలూ తరాలపాటు భుజాన మోసిన ఎస్‌ఎల్‌ఆర్ అచ్చంగా ఆ బాపతు. ఏకే, ఇన్సాస్‌లలో ధారగానో మూడేసి చొప్పునో పేల్చే వీలు అదనంగా ఉంది. అయినా గురిచూసి కాల్చేటప్పుడు పనికొచ్చేది ఒక్కొక్కటిగా పేల్చే పద్ధతే.

ఇలాంటి రైఫిల్ మంచిదా కాదా అని ఎవరిని అడిగినా ముందు చెప్పేది గురి గురించే. ఎంత దూరం కొడుతుంది, ఎంత సూటిగా కొడుతుంది, అయిదు తూటాలు పేలిస్తే ఎంత జాగాలో పడతాయి అని. రేంజిలో దీన్ని గ్రూపింగ్ అంటారు. శుభ్రం చేయడం ఎంత సులువన్న ప్రశ్న ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ తలనొప్పిగా, కవాతు అయ్యాక చేసే చాకిరీగా మిగిలిపోతుంది. నా వాదన దీనికి ఎదురు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి సంబంధించినంతవరకు శుభ్రం చేయడంలోని సులువు గురికి పోటీ వచ్చే గుణం కాదు, గురిని నిలబెట్టే గుణం. కాబట్టి దాన్నే ముందు చూడాలి. చివరి అంగుళం గురి కోసం దాన్ని బేరం పెడితే, ఆ కొన్న అంగుళం కూడా ఎన్నాళ్లో మిగలదు.

సెమీ ఆటోమేటిక్‌కి మురికి ఎందుకు ఇంత పెద్ద సమస్యో ముందు చూద్దాం. లీ ఎన్‌ఫీల్డ్ .303లో బోల్టును కదిలించేది మనిషి చెయ్యి. లోపల కాస్త మసి పట్టినా, ఇసుక పడినా, ఇంకాస్త గట్టిగా లాగుతాడు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ చెయ్యి లేదు. తూటా బ్యారెల్‌లో పరుగెడుతుండగా దాని వెనకున్న వాయువులో కొంత చిన్న రంధ్రం గుండా పక్కకు మళ్లి, పిస్టన్‌నో నేరుగా బోల్ట్ క్యారియర్‌నో వెనక్కి తోస్తుంది. ఆ తోపుకు ఒక హద్దుంది. మసి వల్ల రాపిడి పెరిగి ఆ హద్దు దాటిందా, బోల్టు సగంలో ఆగుతుంది. పైగా పనిచేసే వాయువే మసిని మోసుకొచ్చేది కూడా. నడవడానికి కావాల్సిన శక్తీ, నడకను ఆపే మురికీ ఒకే రంధ్రం లోంచి వస్తాయి. అందుకే ఈ జాతి రైఫిల్ ప్రతి తూటాతోనూ తనను తాను కొంచెం కొంచెం చెడగొట్టుకుంటూ ఉంటుంది.

ఇక గురి సంగతి. నిపుణులు దీన్ని కోణంలో కొలుస్తారు. మినిట్ అంటే ఒక డిగ్రీలో 60వ వంతు. 100 మీటర్ల దూరంలో ఒక మినిట్ దాదాపు 2.9 సెంటీమీటర్లు, 300 మీటర్ల దగ్గర 8.7 సెంటీమీటర్లు. మామూలు ఏకే గ్రూపింగ్ నాలుగు మినిట్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే 300 మీటర్ల దగ్గర తూటాలు 35 సెంటీమీటర్ల జాగాలో చెదురుతాయి. పోటీల కోసం చేసిన మంచి మ్యాచ్ రైఫిల్ ఒక్క మినిట్‌లో పెడుతుంది. కాగితం మీద చూస్తే నాలుగు రెట్ల తేడా. పోటీలో ఎవరు గెలిచారో అడగక్కర్లేదు.

కానీ ఆ నాలుగు రెట్లు యుద్ధభూమిలో ఎంతగా కరిగిపోతాయో అమెరికా సైన్యం కోసం పనిచేసిన ఆపరేషన్స్ రీసెర్చ్ ఆఫీస్ 1952లోనే లెక్కగట్టింది. నార్మన్ హిచ్‌మన్ రాసిన ఆ నివేదిక సారాంశం ఇది: పదాతిదళం రైఫిల్ వాడేది ఎక్కువగా 300 గజాల లోపే, 100 గజాలు దాటాక తూటా తగిలే అవకాశం గబగబా పడిపోతుంది, అలా పడిపోవడానికి కారణం రైఫిల్ చెదురు కన్నా మనిషి గురిలో వచ్చే తప్పు చాలా పెద్దది కావడం. రైఫిల్ గ్రూపింగ్ ఇంకాస్త వదులైనా ఆ దూరాల్లో ఫలితం పెద్దగా మారదని కూడా ఆ నివేదిక తేల్చింది. ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు తప్పులు మామూలుగా కూడవు. రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీయాలి. ఆయాసంతో, భయంతో ఉన్న మనిషి తప్పు ఎనిమిది మినిట్లు అనుకుందాం. అతని చేతిలో నాలుగు మినిట్ల రైఫిల్ పెడితే మొత్తం తప్పు 8.9. ఒక్క మినిట్ రైఫిల్ పెడితే 8.1. రైఫిల్ నాలుగు రెట్లు మెరుగైతే మనిషికి దక్కింది పది శాతం కూడా లేదు. అదే బల్ల మీద ఇసుక సంచీ ఆనించి, ఊపిరి బిగబట్టి కాల్చే మనిషి తప్పు ఒక్క మినిటే అనుకుంటే కథ తిరగబడుతుంది: మొదటి రైఫిల్‌తో 4.1, రెండోదానితో 1.4. దుకాణాల్లో, ప్రదర్శనల్లో, అమ్మకపు కరపత్రాల్లో చూపించేది ఈ రెండో మనిషి లెక్క. రైఫిల్ వెళ్లేది మొదటి మనిషి చేతికి.

పది శాతమైనా ఎందుకు వదులుకోవాలి అని అడగొచ్చు. వదులుకోనక్కర్లేదు, అది నిలబడేదైతే. నిలబడదు అనడానికి సాక్ష్యం కావాలంటే ఎం1 గ్యారండ్‌ని చూడాలి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో జాన్ గ్యారండ్ రూపొందించగా 1936లో అమెరికా సైన్యం తీసుకున్న రైఫిల్ ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో తక్కిన దేశాల సైనికులు ఎక్కువమంది బోల్టు లాగుతుంటే అమెరికన్ సైనికుడు ఎనిమిది తూటాలు ఆగకుండా పేల్చింది దీనితోనే. గురి బాగుండేది. కానీ బోల్టు కదిలే దాని రిసీవర్ వెనక భాగం మూసుకుని ఉంటుంది. బ్యారెల్‌ని వెనకనుంచి తుడవడానికి దారి లేదు. చువ్వను మూతి లోంచే దూర్చాలి. తూటా బ్యారెల్‌ని వదిలే ఆఖరి క్షణంలో దాన్ని తాకేది ఆ మూతి అంచే. అంచు గుండ్రంగా, అంతటా ఒకేలా ఉంటేనే వెనకున్న వాయువు తూటా చుట్టూ సమంగా వెలువడి దాన్ని సూటిగా పోనిస్తుంది. ముక్కలు ముక్కలుగా బిగించుకునే ఉక్కు చువ్వ ఆ అంచుకు రోజూ రాసుకుంటే ఒక పక్క అరుగుతుంది, తూటాలు ఆ మేరకు చెదురుతాయి. తుడవకుండా వదిలేద్దామంటే ఆ కాలపు తూటాల్లో మందును రాజేసే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలే ఉప్పు గాలిలో తేమను లాక్కుని రాత్రికి రాత్రి బ్యారెల్‌ని తుప్పు పట్టిస్తుంది. ఆ ఉప్పు నూనెకు కరగదు, నీళ్లకే కరుగుతుంది. అందుకే వేణ్నీళ్లతో కడగడం అప్పటి సైన్యాల్లో తప్పనిసరి తంతు. తుడిస్తే అంచు పోతుంది, తుడవకపోతే లోపల పోతుంది. రెండు దారుల్లోనూ పోయేది గురే.

ఇదే గ్యారండ్‌ని జాతీయ పోటీల కోసం తీర్చిదిద్దినప్పుడు ఇంకో వింత బయటపడింది. లోహపు భాగాలు చెక్కలో ఏ మాత్రం కదలకుండా ఉండటానికి మధ్యలో ఎపాక్సీ, గాజుపీచు పూసి అచ్చుగా బిగించేవారు. గ్రూపింగ్ బాగా దగ్గరపడింది. కానీ రైఫిల్‌ని చెక్కలోంచి ఊడదీసిన ప్రతిసారీ ఆ అచ్చు ఇంత అరుగుతుంది. అందుకని పోటీదారులు దాన్ని విప్పడమే తగ్గించుకున్నారు. విప్పకుండానే పైపైన ఎంత తుడవగలిగితే అంత. గురి కోసం శుభ్రతను వాయిదా వేయడమన్నమాట. పోటీకి మర్నాడు తీరిగ్గా ఆర్మరర్‌కి ఇచ్చి సరిచేయించుకునేవారికి ఇది చెల్లుతుంది. బురదగుంటలో పడుకున్నవాడికి చెల్లదు.

శుభ్రతకు దారి తెరిస్తే గురికి నష్టమన్నది వట్టిమాట కాదు. దానికి మనకు బాగా తెలిసిన సాక్షి ఎస్‌ఎల్‌ఆరే. బెల్జియంలోని ఎఫ్‌ఎన్ సంస్థలో డ్యూడొనే సైవ్ రూపొందించిన ఫాల్ రైఫిల్‌కి ఇది మన రూపం. 1962లో చైనా యుద్ధానికి మన జవాన్లు .303లతోనే వెళ్లారు. తర్వాతి కాలంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 1ఎ1 పేరుతో తయారుచేసిన ఎస్‌ఎల్‌ఆర్ వాటి స్థానంలోకి వచ్చింది. శుభ్రం చేయడం దృష్ట్యా దీన్ని మెచ్చుకోకుండా ఉండలేం. వెనకున్న మీట నొక్కితే రైఫిల్ మధ్యలో కీలు దగ్గర రెండుగా తెరుచుకుంటుంది. బోల్టును తోక పట్టుకుని లాగితే క్యారియర్‌తో సహా బయటికి వస్తుంది. బ్యారెల్ వెనక భాగం కంటికి ఎదురుగా ఉంటుంది. తాడులాంటి పుల్‌త్రూని అటునుంచే వేసి చిందీ గుడ్డతో తుడవొచ్చు, మూతి అంచు జోలికి వెళ్లక్కర్లేదు. ముందున్న గ్యాస్ ప్లగ్‌ని నొక్కి తిప్పితే పిస్టన్, స్ప్రింగ్ చేతిలోకి వస్తాయి. పనిముట్టు అక్కర్లేదు. మసి పేరుకుని బోల్టు మందగిస్తే గ్యాస్ రెగ్యులేటర్‌ని కాస్త తిప్పి ఎక్కువ వాయువు పంపించుకోవచ్చు. తుడిచే తీరిక దొరికేదాకా గండం గడుస్తుంది.

ఇంత సులువుకు చెల్లించిన మూల్యం ఆ కీలు దగ్గరే ఉంది. ఫోర్‌సైట్ బ్యారెల్ మీద ఉంది, బ్యారెల్ పై సగానిది. బ్యాక్‌సైట్ కింది సగం మీద ఉంది. గురిచూసే రెండు బిందువులూ రెండు వేర్వేరు ముక్కల మీద ఉన్నాయి, ఆ ముక్కల్ని కలిపి ఉంచేది రోజూ తెరిచి మూసే ఆ కీలూ ఆ గడియా. కొత్తలో బిగువుగానే ఉంటుంది. ఏళ్ల తరబడి తెరిచి మూసి, గడియ అరిగి, ఒక వెంట్రుకవాసి ఊగులాట వచ్చిందంటే, గురి సరిచేసి జీరో చేసిన రైఫిల్ తెరిచి మూసేసరికి మరోచోట కొడుతుంది. శుభ్రత కోసం పెట్టిన కీలే గురిని తినేస్తుంది. సులువుకూ సూటికీ నిజంగానే పేచీ ఉందనేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. వాళ్లు చెప్పేదాంట్లో నిజముంది.

అయితే ఆ పేచీ విధిరాత కాదు, గీతలో వచ్చిన పొరపాటు. దానికి రుజువు యూజీన్ స్టోనర్ గీసిన ఏఆర్-15, అంటే తర్వాత ఎం16 అయిన రైఫిల్. అదీ ఎస్‌ఎల్‌ఆర్ లాగే మధ్యలో కీలు దగ్గర తెరుచుకుంటుంది, దాని బ్యారెల్‌నీ వెనకనుంచే తుడవొచ్చు. కానీ స్టోనర్ ఫోర్‌సైట్‌నీ బ్యాక్‌సైట్‌నీ రెండింటినీ పై సగం మీదే ఉంచాడు. బ్యారెల్, బోల్టు, రెండు సైట్లు ఒకే ముక్కగా ఉండిపోతాయి. కింద విడిపోయేది ట్రిగ్గర్, మ్యాగజైన్ ఉన్న భాగం. ఆ కీలు ఎంత ఊగినా గురికి దానితో దాదాపు సంబంధం లేదు. తెరిచే చోటు ఒకటి, గురి నిలిచే చోటు మరొకటి. ఇంత చిన్న విషయం సర్దుకునేసరికి సులువూ సూటీ ఒకే రైఫిల్‌లో కాపురం చేశాయి.

మరి అలాంటి రైఫిల్ వియత్నాంలో ఎందుకంత అప్రతిష్ఠ మూటగట్టుకుంది? స్టోనర్ బ్యారెల్ దగ్గర తీర్చిన సమస్యను బోల్టు దగ్గర పెంచాడు. విడిగా పిస్టన్ లేకుండా, సన్నని ఉక్కు గొట్టం గుండా వాయువును నేరుగా క్యారియర్‌లోకి పంపి, బోల్టు తోకనే పిస్టన్‌గా వాడాడు. గురికి ఇది వరమే. బ్యారెల్‌ని పట్టుకుని ముందుకీ వెనక్కీ గుద్దే బరువైన కడ్డీ లేదు, తోపు భుజానికి నేరుగా వస్తుంది. కానీ వాయువుతో పాటు మసీ వేడీ నూనె ఉండాల్సిన చోటికే వచ్చి చేరతాయి. బోల్టు తోక మీద గార కడుతుంది. విప్పితే వేలెడంత లేని పిన్నులు, పడిపోతే గడ్డిలో దొరకనివి. అయినా తూటాల్లో డ్యూపాంట్ వారి ఐఎంఆర్ 4475 మందు వాడినంతకాలం పని నడిచింది. 1963లో లక్షకు పైగా రైఫిళ్లకు ఆర్డరు ఇచ్చిన సైన్యం, 1964లో తూటా మందును డబ్ల్యూసీ846 అనే గుండ్రని గింజల మందుకు మార్చింది. పేలే వేగం పెరిగింది, గట్టిపడే గార పెరిగింది. తూటా కూర్చునే ఛాంబర్‌కి క్రోమ్ పూత లేదు. అడవి తేమకు అది గుంటలు పడి, ఖాళీ షెల్ అక్కడే పట్టేసుకునేది. వీటన్నిటికీ తోడు, ఇది శుభ్రం చేయక్కర్లేని రైఫిల్ అన్న ప్రచారం దళాల్లో పాకింది. శుభ్రం చేసే సామగ్రి చాలినంత వెళ్లలేదు. .303 వెనక చెక్కలో పుల్‌త్రూ, నూనె సీసా పెట్టుకునే అర ఎప్పటినుంచో ఉంది. అంతరిక్ష యుగపు రైఫిల్‌కి మొదట్లో ఆ అర కూడా లేదు. పట్టేసిన షెల్‌ని మూతి లోంచి చువ్వ పెట్టి పొడిచి తోయాల్సిన గతి పట్టింది. అది కూడా చువ్వ ఉన్నవాడికి.

అమెరికా ప్రతినిధుల సభ 1967లో రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన ఉపసంఘం వేసి విచారించింది. మందు మార్చిన నిర్ణయాన్ని ఆ సంఘం గట్టిగా తప్పుపట్టింది. దీన్నిబట్టి కొందరు నా మీద వేయగల మొదటి అభ్యంతరం ఇది: తప్పు మందుది, దాన్ని శుభ్రత ఖాతాలో వేయడమేమిటి? మందుది పెద్ద తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఏ యుద్ధంలోనైనా తూటాల నాణ్యత పైకీ కిందికీ అవుతుంది. కర్మాగారం మారుతుంది, గుత్తేదారు మారతాడు, గోదాము తేమ మారుతుంది. మంచి మందు ఉంటేనే శుభ్రంగా నడిచే రైఫిల్, మురికి మందుతో చేతులెత్తేసే రైఫిల్, తన భద్రతను వేరెవరి చేతుల్లోనో పెట్టినట్టు. ఆ తర్వాత దాన్ని ఎలా బాగుచేశారో చూస్తే రోగం ఏమిటో తెలుస్తుంది. గురి పెంచడానికి ఎవరూ ఏమీ చేయలేదు. బోల్టు జోరు తగ్గించే బఫర్ మార్చారు, ఛాంబర్‌కి క్రోమ్ పూశారు, చువ్వలూ బ్రష్షులూ పంపారు, రైఫిల్ బట్‌లో సామాను పెట్టుకునే అర చేశారు. విల్ ఐస్నర్ అనే పేరున్న కామిక్స్ చిత్రకారుడి చేత 1968లో ఈ రైఫిల్‌ని ఎలా తుడవాలో బొమ్మల పుస్తకం వేయించారు. ఒక సైన్యం తన రైఫిల్‌ని కాపాడుకోవడానికి బొమ్మల కథల దాకా వెళ్లింది. అదే ఎం16, ఈ మార్పుల తర్వాత, దశాబ్దాల తరబడి నిలిచింది.

ఇక్కడ ఒక గందరగోళం విడదీయాలి. శుభ్రం చేయడం సులువు అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు గుణాల్ని కుక్కేస్తున్నాం: ఎంత మురికి పడుతుంది, ఆ మురికిని ఎంతవరకు ఓర్చుకుంటుంది, విప్పి తుడవడం ఎంత తేలిక. ఏకే ఓర్పులో మేటి. కదిలే భాగాల మధ్య సందు ఉదారంగా వదిలారు, పిస్టన్ క్యారియర్‌తో ఒకటిగా బరువుగా ఉండి మసిని తోసుకుంటూ పోతుంది, బ్యారెల్‌కి క్రోమ్ పూత ఉంది. విప్పడం పిల్లలకు కూడా వస్తుందని పేరు. కానీ బ్యారెల్ తుడవడంలో అది గ్యారండ్ బంధువే: వెనక మూసుకుని ఉంది, మూతి లోంచే చువ్వ దూర్చాలి. రష్యన్లు ఈ లోపాన్ని ఎంత చవగ్గా సర్దారో చూస్తే ముచ్చటేస్తుంది. వెనక చెక్కలో పెట్టే సామాను డబ్బాకు ఒక రేకు మూత ఉంది, మూతకు నడిమధ్యన రంధ్రం. తుడిచేటప్పుడు ఆ మూతను బ్యారెల్ మూతికి తగిలించి, చువ్వను ఆ రంధ్రం లోంచి పంపాలి. చువ్వ మధ్యలోనే నడుస్తుంది, అంచుకు తగలదు. గ్యారండ్ గురిని తినేసిన రోగానికి ఇక్కడ మందు ఒక డబ్బా మూత. మరోవైపు ఫ్రెంచి వారి మాస్-49 కూడా ఎం16 లాగే పిస్టన్ లేకుండా నేరుగా వాయువుతో నడిచేదే. కాకపోతే అందులో వాయువు బోల్టు కడుపులోకి పోకుండా క్యారియర్ ముందున్న చిన్న గిన్నెలాంటి గుంటను తన్ని అక్కడే చెదిరిపోతుంది. నేరుగా వాయువు పంపే పద్ధతంతా మురికిదే అని తీర్పు చెప్పేసేవాళ్లు ఈ రైఫిల్‌ని ఒకసారి విప్పి చూడాలి.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. గురే ప్రాణమైన చోట ఏం చేస్తారు? పోటీల్లో, స్నైపర్ల చేతుల్లో? పోటీల సంగతి తేలిక. హైదరాబాద్‌కి చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అక్కడ ఒక్క వెంట్రుకవాసి గురి కోసం ఏం ఇచ్చినా న్యాయమే. కానీ ఆ రైఫిల్ ఒక్కసారికి ఒక్క గుండు పేలుస్తుంది, మందు కాల్చదు, మసి పట్టదు, చల్లని హాల్లో పెట్టెలోంచి వచ్చి పెట్టెలోకి వెళ్తుంది. అది సెమీ ఆటోమేటిక్ కానందుకే మన తూకం దానికి వర్తించదు. స్నైపర్ల విషయం అంత తేలిక కాదు, ఎందుకంటే వాళ్లలో సెమీ ఆటోమేటిక్ వాడేవారున్నారు. వియత్నాంలో అమెరికన్లు ఎం14 రైఫిల్‌ని ఏరి, చెక్కకు ఎపాక్సీ పట్టించి ఎం21 అని స్నైపర్లకు ఇచ్చారు. కొత్తలో గొప్ప గురి. కానీ అదీ ఆ గ్యారండ్ మ్యాచ్ రైఫిల్ వంశమే. విప్పితే బిగువు పోతుంది, విప్పకపోతే మురికి పోదు. 1988లో అమెరికా సైన్యం దాన్ని వదిలి బోల్టు లాగే ఎం24కి మారిపోయింది. మళ్లీ సెమీ ఆటోమేటిక్‌కి వచ్చినప్పుడు ఎంచుకున్న ఎం110 స్టోనర్ వంశానిది: తెరిస్తే గురి చెదరనిది. స్నైపర్ల అనుభవం కూడా నా వాదననే బలపరుస్తోంది. శుభ్రం చేస్తే మాయమయ్యే గురిని వాళ్లు కూడా మోయలేకపోయారు.

మన సైన్యంలో ఉన్న డ్రాగునోవ్ ఇంకో దారి చూపింది. 1963లో సోవియట్ సైన్యం తీసుకున్న ఈ పది తూటాల సెమీ ఆటోమేటిక్‌ని బోల్టు స్నైపర్లతో పోల్చి వెక్కిరించేవాళ్లున్నారు. బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉంది. పూత అంతటా ఒకే మందంలో పడదు కాబట్టి గురి కాస్త తగ్గుతుందనే మ్యాచ్ బ్యారెళ్లకు దాన్ని వేయరు. డ్రాగునోవ్ రూపకర్తలు తెలిసే వేశారు. అయితే ఏకేలా బరువైన పిస్టన్‌ని క్యారియర్‌కి అతికించకుండా, తేలికైన పొట్టి పిస్టన్‌ని విడిగా పెట్టి గురిని కొంత వెనక్కి రాబట్టుకున్నారు. దుర్భిణి పట్టీని ఊడదీసే పైమూత మీద పెట్టకుండా రిసీవర్ ఎడమ పక్క ఉక్కుకే బిగించారు. తుప్పు పట్టదు, మసికి ఓర్చుకుంటుంది, రెండు మినిట్ల లోపు కొడుతుంది. ఒక పదాతిదళ పటాలంతో నడిచే గురికాడికి ఇది సరైన బేరమని నా అభిప్రాయం.

చివరి అభ్యంతరం క్రమశిక్షణ గురించి. శిక్షణ సరిగ్గా ఉంటే కష్టమైన రైఫిల్‌ని కూడా శుభ్రంగా ఉంచొచ్చు కదా, సోమరితనానికి ఆయుధాన్ని తగ్గించడమెందుకు అని. పైగా ఇప్పటి ప్రైమర్లలో ఆ పాత ఉప్పు లేదు, మందులు మెరుగయ్యాయి, ఇదివరకంత తుడవక్కర్లేదు అని కూడా అంటారు. ఉప్పు పోయిన మాట నిజం. మసి పోలేదు, వాన పోలేదు. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ లాంటి పోలీసు దళాలు రోజుల తరబడి అడవిలో తిరిగేది చిన్న చిన్న జట్లుగా. ఆయుధాలు భద్రపరిచే బెల్ ఆఫ్ ఆర్మ్స్ ఎక్కడో జిల్లా కేంద్రంలో ఉంటుంది, ఆర్మరర్ వెంట రాడు. వాగు దాటితే బట్టతో పాటు బ్యారెల్ తడుస్తుంది. ఆ స్థితిలో రైఫిల్‌ని పూర్తిగా విప్పడమంటే పది నిమిషాలు నిరాయుధుడిగా కూర్చోవడం. క్రమశిక్షణ ఎంత ఉన్నా ఆ పది నిమిషాలు ఎవరూ ఇష్టంగా ఇవ్వరు. అదే ఒక్క నిమిషమైతే జట్టులో ఒక్కొక్కరుగా వంతులేసుకుని తుడుచుకుంటారు. ఇంకో మాట. క్రమశిక్షణ పేరుతో అతిగా, మొరటుగా తుడవడం తుడవకపోవడం కన్నా తక్కువ చేటు కాదు. మెరుస్తోందా లేదా అని చూసే తనిఖీలకు భయపడి ఉక్కు చువ్వతో రాపాడించిన బ్యారెళ్లు ఎన్నో తూటాల వల్ల కాక తుడుపు వల్లే అరిగాయి. రైఫిల్ తుడవడం తేలికైతే రాపాడించే అవసరమే తగ్గుతుంది.

ఈ చర్చ ఇప్పుడు మనకు పుస్తకాల్లోది కాదు. కార్గిల్‌లో ఇన్సాస్ గురించి వార్తలకెక్కింది దాని గ్రూపింగ్ కాదు, చలికి పగిలిన ప్లాస్టిక్ మ్యాగజైన్లు. ఆ తరం రైఫిల్ స్థానంలోకి వేర్వేరు దారుల్లో రెండు వస్తున్నాయి. 2019లో మన సైన్యం అమెరికా నుంచి 72,400 సిగ్-716 రైఫిళ్లకు ఆర్డరిచ్చింది. 7.62×51 తూటా పేల్చే ఈ రైఫిల్ ఆకారంలో స్టోనర్ బిడ్డే గానీ, వాయువును బోల్టులోకి పోనివ్వకుండా పొట్టి పిస్టన్ దగ్గరే ఆపుతుంది. తెరిచినా గురి చెదరని కీలు, మసి చేరని బోల్టు; బదులుగా ముందు భాగం కాస్త బరువు. రెండోది అమేఠీ దగ్గర కోర్వాలో తయారవుతున్న ఏకే-203. 2021 ఒప్పందం ప్రకారం ఆరు లక్షలకు పైగా. ఓర్పు ఏకేదే, బ్యారెల్‌ని మూతినుంచి తుడవాల్సిన పాత ఇబ్బందీ ఏకేదే. దుర్భిణి బిగించే పట్టీ ఇందులో పైమూత మీదికి వచ్చింది. అందుకే ఆ మూత ఎంత బిగువుగా కూర్చుంటుందన్నది ఆరు లక్షల సార్లు అడగాల్సిన ప్రశ్న. ఎస్‌ఎల్‌ఆర్ కీలు దగ్గర మనం ఒకసారి చూసిన కథ ఇదే కావచ్చు, కాకపోవచ్చు. తేల్చేది కరపత్రం కాదు, వెయ్యిసార్లు తెరిచి మూసిన మూత.

కొనేవాళ్లకు, పరీక్షించేవాళ్లకు ఒక విన్నపం. కొత్త రైఫిల్‌ని బల్ల మీద పెట్టి అయిదు తూటాల గ్రూపింగ్ కొలిచి ఆగిపోకండి. వందల తూటాలు పేల్చాక, తడి చేతులతో, చీకట్లో, మామూలు కానిస్టేబుల్ చేత విప్పించి, తుడిపించి, బిగించనివ్వండి. దుర్భిణిని మళ్లీ జీరో చేయకుండా ఆ వెంటనే మొదటి తూటా పేల్పించండి. ఆ తూటా ఎక్కడ పడిందో అదే ఆ రైఫిల్ అసలు గురి. ఈ పరీక్షలో నెగ్గిన రైఫిల్ కాగితం మీద రెండు మినిట్లు వెనకబడినా దాన్నే కొనండి.